సంగీతం: ఒక్క పేరేనా?

గత సంచికలో మన మిత్రులొకరు సినిమా పాట చచ్చిపోయిందని మూడు పేజీల సంతాప తీర్మానం వ్రాశారు. ఆయన పేరు నేను వ్రాయను. వచ్చే ఆదివారం వాళ్ళింట్లో మాకు భోజనాలున్నాయి. వారి వాదం క్లుప్తంగా ఇది: పూర్వం కవి పాట వ్రాస్తే సంగీత దర్శకుడు దానికి ప్రాణం పోసేవాడు, ఇప్పుడు ముందు బాణీ కట్టి అందులో మాటలు కూరుతున్నారు, వాయించే మనుషులు పోయి కంప్యూటర్లు వచ్చాయి, కాబట్టి సంగీతం పోయింది, సాహిత్యం పోయింది, సంస్కృతి పోయింది. అది నేను వ్రాశాననుకుని మా ఇంటికి ఫోన్ చేసి మెచ్చుకున్నవాళ్ళు ఇద్దరున్నారు. ఈ జవాబు వ్రాయడానికి అదొక్కటే చాలు. కాని ఇంకో కారణం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

బాణీకి మాట వ్రాయడం నిన్నటి పాపం కాదండీ. మన నాటకాల పాటల పుస్తకాలు, భజన పుస్తకాలు తిరగేయండి. పాట నెత్తిన "ఫలానా పాట వరుస" అని ఉంటుంది. ముందు వరుస, తర్వాత మాట. 1950లో ఒక హిందీ చిత్రాన్ని "ఆహుతి" పేరుతో తెలుగులోకి డబ్బింగ్ చేసినప్పుడు శ్రీశ్రీ పాటలు వ్రాశారు. వరుస ఎవరిదో, తెర మీద కదిలే పెదవులెవరివో, అందులో తెలుగు మాట ఇమడాలి. ఆ తర్వాత ఆయన కవి కాకుండా పోయారా? మరోవైపు కె.వి. మహదేవన్ గారున్నారు. తెలుగు ఆయన మాతృభాష కాదు. అయినా సాహిత్యం ముందుగా చేతిలో పెట్టించుకుని దానికి వరుస కట్టడం ఆయన అలవాటు. రెండు దారుల్లోనూ మంచి పాటలు వచ్చాయి, రెండు దారుల్లోనూ చెత్తా వచ్చింది. సిట్టింగులో హార్మోనియం ముందు కూర్చుని "తననా తననా" అనే సంగీత దర్శకుడికీ, తమలపాకులు నములుతూ పక్కన కూర్చున్న కవికీ మధ్య ఎవరు ముందు అన్నది పనివాళ్ళ సౌకర్యం. దాన్ని సంస్కృతి పతనంగా చేయనక్కర్లేదు.

యంత్రం మాట కూడా అంతే. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా పెదనాన్న గురించి చెప్పాలి.

మా పెదనాన్న మద్రాసులో వయొలిన్ వాయించేవారు. కచేరీల్లో కాదు, సినిమా పాటల్లో. కోడంబాక్కంలో రెండు గదుల ఇల్లు, ఒక సైకిలు, వెనక క్యారియరుకి తాడుతో కట్టిన వయొలిన్ పెట్టె. సుమారు ముప్ఫయ్యేళ్ళు ఆయన బతుకు కాల్షీట్ల మీద నడిచింది. కాల్షీటు అంటే ఒక పూట పని, ఆ పూటకి కూలి. చిన్నప్పుడు సెలవలకి వెళ్ళినప్పుడు రేడియోలో పాత పాట వస్తే ఆయన గొంతు వినడు, మాట వినడు. చరణానికీ చరణానికీ మధ్య వయొలిన్లు రాగానే చెయ్యి ఎత్తి "అదిగో, మూడో వరుసలో ఎడమ పక్క కుర్చీ నాది" అనేవారు. మా అన్నయ్యా నేనూ పాట విని కుర్చీ కోసం వెతుక్కునేవాళ్ళం.

ఆయన చెప్పిన పద్ధతి ఇలా ఉండేది. పొద్దున్నే అందరూ రికార్డింగ్ థియేటరు చేరి శ్రుతి చేసుకుంటారు. సంగీత దర్శకుడు బాణీ పాడతాడు. ఆయన సహాయకుడు, లేదా అరేంజరు అనే పెద్దమనిషి, ఏ వాద్యానికి ఏ బిట్టో చెబుతాడు. స్టాఫ్ నొటేషన్ వచ్చినవాళ్ళు అలా, రానివాళ్ళు సరిగమల్లో, ఎవరి నోటు పుస్తకంలో వాళ్ళు వ్రాసుకుంటారు. తబలా, ఢోలక్ వాళ్ళ మోత మిగతా మైకుల్లో పడకుండా పక్కగా కూర్చోబెడతారు. గాయనీ గాయకులు వేరే చిన్న గదిలో. రిహార్సలు, మళ్ళీ రిహార్సలు, ఆ పైన టేకు. పాటంతా ఒక్క బిగిన, అందరూ కలిసి. ఎనిమిదో టేకులో ఆఖరి చరణం దాకా వచ్చి ఫ్లూటు ఒక్క స్వరం జారితే నలభై మందీ మళ్ళీ పల్లవి నుంచి. జారినవాడి వంక ఎవరూ చూసేవారు కాదట. చూస్తే తర్వాతి టేకులో వాడి చెయ్యి వణుకుతుంది.

ఇందులో సంగీత దర్శకుడి గొప్ప ఎక్కడికీ పోలేదు. బాణీ ఆయనది, ఏది ఉంచాలో ఏది తియ్యాలో చెప్పే చెవి ఆయనది. కాని పల్లవికి ముందు వచ్చే వాద్యం, మధ్యలో నింపే బిట్లు, గొంతు వెనక మెల్లగా నడిచే వయొలిన్ల మాట, ఇవి చాలాసార్లు ఇంకొకరి బుర్రలోంచి వచ్చాయి, ఇంకా చాలామంది వేళ్ళ మీదుగా వచ్చాయి. ఇళయరాజా గారిలా ప్రతి వాద్యానికీ ప్రతి స్వరం తానే కాగితం మీద వ్రాసి ఇచ్చేవారు ఎప్పుడూ అరుదే.

పాత రోజుల్ని తలుచుకుని కళ్ళు తుడుచుకునే మా మిత్రుడికి "మాయాబజార్" ప్రాణం. నాకూ అంతే. 1957లో వచ్చిన ఆ చిత్రానికి సంగీతం ఘంటసాల అని ఉంటుంది. నిజానికి నాలుగు పాటలకి బాణీలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు గారు. మనమంతా పెళ్ళిళ్ళలో, పిక్నిక్కుల్లో పాడుకునే ఆ పడవ పాట వరుస కూడా ఆయనదే. ఆయన మధ్యలో తప్పుకుంటే, వాటికి వాద్యాలు సమకూర్చి రికార్డు చేయించి, మిగతా సంగీతమంతా ఘంటసాల గారు చేశారు. ఇద్దరూ మహానుభావులే, ఎవరికీ ఎవరి పేరూ అరువు అక్కర్లేదు. రాజేశ్వరరావు గారంతటి వారి పేరే అలా జారిపోగలిగితే, మూడో వరుస ఎడమ పక్క కుర్చీ సంగతేమిటి? అంతకు ముందు 1951లో వచ్చిన "మల్లీశ్వరి" ఆర్కెస్ట్రా పని చూసిన అద్దేపల్లి రామారావు గారి పేరు, మన సంఘంలో "మల్లీశ్వరి" మీద ఉపన్యాసం ఇచ్చిన పెద్దలు ఎత్తగా నేను వినలేదు. మహదేవన్ గారి పక్కన దశాబ్దాలపాటు సహాయకుడుగా నిలబడి, వరుసల్ని స్వరపరిచి గాయకులకి నేర్పిన పుహళేంది గారి పేరు టైటిళ్ళలో చిన్న అక్షరాల్లో పడేది. "శంకరాభరణం" వచ్చి నలభై ఏళ్ళు దాటింది. మనలో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

మిత్రుడు యంత్రాన్ని తిట్టారు కదా. యంత్రం రాకముందే పేర్లు పోయాయన్నది నా అభియోగం. యంత్రం మనుషుల్ని కుర్చీల్లోంచి లేపింది, నిజమే. ట్రాకు రికార్డింగు వచ్చాక గాయకుడు ఒక రోజు, వయొలిన్లు ఒక రోజు, ఒకరి ముఖం ఒకరికి తెలియదు. కీబోర్డులు వచ్చాక పన్నెండు వయొలిన్ల పని ఒక్కడు రెండు చేతులతో చేశాడు. పెదనాన్నకి నెలకి ఇరవై కాల్షీట్లు కాస్తా ఆరయ్యాయి, ఆరు రెండయ్యాయి. ఆ తర్వాత ఆయన ట్యూషన్లు చెప్పుకున్నారు. ఆ బాధ నాకు తెలుసు. కాని ఆ కీబోర్డు ముందు కూర్చున్నవాడూ వాద్యకారుడే. రాజ్-కోటి గారి బృందంలో కీబోర్డు వాయించిన ఒక కుర్రవాడు 1992లో "రోజా" చేశాడు. ఆ రహమానే తరవాత క్యాసెట్ల అట్టల మీద, సీడీల లోపలి కాగితాల మీద, ఫ్లూటు ఎవరు, గిటారు ఎవరు, ఇంజనీరు ఎవరు అని వరుసగా అచ్చు వేయించాడు. కంప్యూటరుతో పాట కట్టే మనిషి ఆ పని చేశాడని మా మిత్రుడు గమనించాలి. చిత్రమేమిటంటే సీడీలు పోయి పాటలు ఫోనులోకి వచ్చాక ఆ కాగితమూ పోయింది. ఇప్పుడు తెర మీద ఒక బొమ్మ, ఒక పేరు, పక్కన హృదయం గుర్తు.

నా వృత్తి నుంచి ఒక మాట చెబుతాను, క్షమించాలి. నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్ అయ్యాక రోగి బంధువులు సర్జన్ గారికి దండం పెడతారు, స్వీట్లు తెస్తారు. ఆయన పేరు మనవడికి పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. నాలుగు గంటలు ఆ మనిషి ఊపిరి నా చేతిలో ఉందన్న సంగతి ఎవరికీ పట్టదు. నాకు బాధ లేదు, అలవాటైపోయింది. ఎందుకు బాధ లేదంటే, ఆసుపత్రి కాగితం మీద నా పేరుంది. సర్జన్ ఎవరు, సహాయకుడు ఎవరు, మత్తు ఇచ్చింది ఎవరు, కత్తి అందించిన నర్సు ఎవరు, ఎన్ని గంటలకి ఎవరు మారారు, అన్నీ వ్రాసి ఉంటాయి. రేపు మంచి జరిగినా చెడు జరిగినా ఆ కాగితం మాట్లాడుతుంది. పేరు వ్రాయడం పొగడ్త కాదు, ఎవరు ఏం చేశారో చెప్పే దస్తావేజు. సినిమా పాటకి ఆ దస్తావేజు లేదు.

ఉంటే ఏమొస్తుందని అడుగుతారేమో. డబ్బు వస్తుంది. తెర వెనక గొంతులకి కూడా మొదట్లో పేరు లేదు. 1949 నాటి "మహల్" చిత్రంలో లతా మంగేష్కర్ పాడిన పాట గ్రామఫోను రికార్డు మీద కథలోని పాత్ర పేరు, కామిని అని అచ్చయింది. అంటే లేని మనిషి పాడినట్టు. గాయకులు పేరు సంపాదించుకున్నారు, పేరుతోపాటు తక్కినవీ వచ్చాయి. పాట కట్టినవారికీ వ్రాసినవారికీ ఇంకా ఆలస్యమైంది. సినిమా కోసం చేసిన పాట మీద హక్కు నిర్మాతదేనన్న అర్థంలో 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టం గాయకుడి కళని పట్టించుకోవడం లేదని జస్టిస్ కృష్ణయ్యర్ అందులోనే వాపోయారు. ప్రదర్శకుల హక్కు అనే మాట 1994 సవరణతో చట్టంలోకి వచ్చింది. 2012 సవరణతో రచయితకీ స్వరకర్తకీ రాయల్టీలో వాటా వచ్చింది, దాన్ని ముందుగా వ్రాయించేసుకోవడానికి వీల్లేకుండా. ప్రదర్శకులకీ రాయల్టీ అన్నారు. సంతోషం. కాని మూడో వరుస కుర్చీలో కూర్చున్నది ఎవరో ఎక్కడా వ్రాయకపోతే ఆ చెక్కు మీద ఎవరి పేరు వ్రాస్తారు?

మన చాండ్లర్ నుంచి ఆరు గంటలు కారు నడిపితే లాస్ ఏంజెలస్. అక్కడ సినిమాకి వాయించిన వయొలిన్ మనిషికి యూనియన్ ఒప్పందం ఉంది. ఆ సినిమా టీవీకి వెళ్ళినా డిస్కులుగా అమ్ముడైనా అతనికి భాగం వస్తుంది, ఎందుకంటే ఆ రోజు ఎవరు వచ్చారో యూనియన్ కాగితంలో ఉంటుంది. మద్రాసులోనూ ఎం.బి. శ్రీనివాసన్ గారు పూనుకుని సినిమా వాద్యకారులకి యూనియన్ కట్టారు, కూలి ఒక దారికి తెచ్చారు. పెదనాన్న ఆయన పేరు చెప్పినప్పుడల్లా కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. బొంబాయి వాద్యకారుల గురించి గ్రెగరీ బూత్ అనే ప్రొఫెసరు న్యూజిలాండ్ నుంచి వచ్చి, వాళ్ళని మాట్లాడించి, 2008లో పుస్తకం వేశాడు. తెలుగు పాటకి వాయించినవాళ్ళ గురించి అలాంటి పుస్తకం నా కంటపడలేదు. మనకి పాటల మీద పుస్తకాలు అలమారా నిండా ఉన్నాయి. అన్నిట్లోనూ కవి, స్వరకర్త, గాయకుడు. ఆ ముగ్గురే గాలిలోంచి పాట తీశారన్నట్టు.

2017 మార్చిలో బాలసుబ్రహ్మణ్యం గారు అమెరికా పర్యటనలో ఉండగా, తన పాటలు అనుమతి లేకుండా వేదికల మీద పాడరాదని ఇళయరాజా గారి తరఫున నోటీసు వచ్చింది. గుర్తుందా? మన ఊళ్ళో ఆ వారం వేరే మాట లేదు. ఒకాయన స్వరకర్త పక్షం, ఒకావిడ గాయకుడి పక్షం, పులిహోర చల్లారిపోయింది. వాదించుకున్న మన అందరిలో ఒక్కరికైనా ఆ పాటల్లో గిటారు వాయించినవాళ్ళ పేరు గుర్తొచ్చిందా అని ఇప్పుడు ఆలోచిస్తున్నాను. నాకైతే రాలేదు. మా పెదనాన్న ఉండి కూడా రాలేదు.

2023 మార్చిలో తెలుగు పాటకి ఆస్కార్ వచ్చినప్పుడు ఆ బొమ్మ స్వరకర్త కీరవాణి గారికీ, వ్రాసిన చంద్రబోస్ గారికీ కలిపి ఇచ్చారు. మనమంతా వాట్సాప్‌లో అరిచాం. ఆ కీరవాణి గారు ఒకప్పుడు చక్రవర్తి గారి దగ్గర సహాయకుడు. అంటే సహాయకుడి కుర్చీ ఏమిటో తెలిసినవారు. ఆ కుర్చీలోంచి లేచి పైకి వచ్చినవారి పేర్లే మనకి తెలుస్తాయి. అక్కడే ఉండిపోయినవారివి తెలియవు.

ఇక రెండో కారణం. మొన్నటి కమిటీ సమావేశంలో ఉగాదికి వాద్యకారులు వద్దు, అన్ని పాటలూ మైనస్ ట్రాకుల మీదే అని తీర్మానించారు. నేను ఒక్కదాన్నే చెయ్యి ఎత్తలేదు. కారణాలు విన్నాను: రిహార్సళ్ళకి టైము లేదు, పిల్లలు తాళం తప్పుతారు, ట్రాకు అయితే సినిమాలో ఉన్నట్టే వస్తుంది. ఈ మూడో మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది. రెండేళ్ళ క్రితం పెదనాన్న మా ఇంటికి వచ్చినప్పుడు మన దీపావళికి తీసుకొచ్చాను. ముందు వరుసలో కూర్చోబెట్టారు, శాలువా కూడా కప్పారు, సంతోషం. ఒక పిల్ల పాత పాట ఎత్తుకుంది. ట్రాకులో వయొలిన్లు వచ్చాయి. పెదనాన్న అలవాటుగా చెయ్యి ఎత్తారు, సగంలో దించేశారు. "ఇది మేము కాదమ్మా. మమ్మల్ని విని ఎవరో మీటలు నొక్కారు" అన్నారు. ఆ మీటలు నొక్కినవాడు ఎవరో కూడా ఎక్కడా లేదు. హాలంతా చప్పట్లు.

మొన్న మా అబ్బాయి బడిలో ఆర్కెస్ట్రా కచేరీ అయింది. వాడు వాయించేది వెనక వరుసలో వయోలా, అదీ కొంచెం అపశ్రుతిగానే. కార్యక్రమ పత్రంలో యాభై మంది పిల్లల పేర్లూ ఉన్నాయి, వాద్యాల వారీగా, వాడిది కూడా. మన ఉగాది కార్యక్రమ పత్రంలో స్పాన్సర్ల పేర్లు పద్నాలుగు ఉన్నాయి, సమోసాలు ఎవరివో ఉంది. వాయించిన మనిషి పేరు ఒక్కటి లేదు, వాయించే మనిషే లేడు కనుక. చాండ్లర్ బడుల్లో వయొలిన్ పట్టుకున్న తెలుగు పిల్లలు నాకు తెలిసే ఏడుగురున్నారు. మృదంగం ఇద్దరు, కీబోర్డు లెక్కలేదు. వీళ్ళ చేత నాలుగు పాటలు వాయిద్దాం. తప్పులు వస్తాయి, రానివ్వండి. ఎనిమిదో టేకు దాకా వెళ్ళాల్సిన పనేమీ లేదు మనకి. స్పీకర్ల అద్దెలో సగం తగ్గిస్తే ఒక మంచి అరేంజరు చేత ఆ నాలుగు పాటలకీ స్వరాలు వ్రాయించవచ్చు, డబ్బిచ్చి, పేరు వేసి. తక్కిన పాటలు ట్రాకుల మీద కానివ్వండి, ప్రతి పాట పక్కనా కవి, స్వరకర్త, గాయకుడు, తెలిసినంతలో అరేంజరు, వాద్యకారులు, ట్రాకు చేసినవారు, అందరి పేర్లూ అచ్చు వేద్దాం. పత్రం రెండు పేజీలు పెరుగుతుంది. ఆ పేజీల ఖర్చు నాది.

కమిటీ వారు దీన్ని మళ్ళీ చర్చకు పెట్టాలని కోరుతున్నాను. మా మిత్రుడు ఈసారి నా పక్షాన చెయ్యి ఎత్తుతారని నమ్మకం. భోజనాల దగ్గర అడుగుతాను.

అన్నట్టు, పెదనాన్న కాల్షీటు డైరీలు రెండు నా దగ్గరే వదిలి వెళ్ళారు. అందులో సినిమాల పేర్లు లేవు. వాయించే రోజుకి సినిమాకి పేరు పెట్టేవారు కాదట, పెట్టినా వీళ్ళకి చెప్పేవారు కాదట. "ప్రొ. నెం. 2, ఉదయం" అని ఉంటుంది, తేదీ, రాగం, అంతే. నేనూ మా వారూ రాత్రిళ్ళు కూర్చుని పాటలు వింటూ ఏది ఏదో పోల్చే ప్రయత్నం చేస్తున్నాం. పదకొండు తేలాయి. 1979 జూలైలో ఒకటి మాత్రం తేలడం లేదు: మోహన, తిశ్రం, సుశీల గారు, వయొలిన్లు పన్నెండు, మధ్యలో వీణ. ఎవరికైనా తడితే రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చెయ్యండి. పగలు ఆపరేషన్ థియేటర్లో ఉంటాను.